కుజుడి మీద మొహం, ఇంటి వెనక గుట్ట

మా సింహాచలం చిన్నాన్న పదోరోజుకి మాంగో పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. సువర్ణరేఖ నది వంతెన మీద ఆటో ఇరుక్కుపోయింది. దిగి నడిచినా ముందే చేరేదాన్నని తిట్టుకుంటూ వెళ్ళేసరికి భోజనాలు మొదలైపోయాయి. చావింటి భోజనాల్లో మొదటి పంక్తి దాకానే ఏడుపు. రెండో పంక్తికి కబుర్లు, మూడో పంక్తికి నవ్వులు. ఆ మూడో పంక్తిలో ఎవరో అందుకున్నారు, "మార్స్ మొగం సింహాచలమంటే బర్మామైన్స్‌లో తెలీనోడున్నాడేటి?" అని. అంతే, తలో మాటా కలిపారు. కుజగ్రహం మీద మనిషి మొహం ఉందని మా ఇళ్ళ లైనంతటినీ కూడగట్టి చెప్పాడట, ఆ తర్వాత తనే లేదన్నాడట, అంత తిక్క మనిషట. వాళ్ళు నవ్వినందుకు కాదు నాకు బాధ, ఆయన ఉంటే ఆయనా నవ్వేవాడు. కానీ ఒక మనిషి బతుకంతా ఆ ఒక్క ముక్కలో సర్దేసి విస్తళ్ళు ఎత్తేస్తుంటే ఒళ్ళు మండింది. నాకు ముక్కు మీద కోపమని మావాళ్ళందరికీ తెలుసు కనక నా మొహం చూసి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి పోతే చిన్నాన్న మనవరాలు రోష్ని ఫోన్ పట్టుకుని నా వెనకే వచ్చింది. కాలేజీలో చదువుతోంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. తాతతో మాత్రం ఎలాగో తెలుగు కూడదీసుకుని మాట్లాడేది. నేను ముప్పై ఏళ్ళ పైన ఆడపిల్లలకి భూగోళం చెప్పాను కాబట్టి, తాత లేని లోటు నాతో తీర్చుకుందామనుకున్నట్టుంది.

"అత్తా, యే దేఖో నా. కిసీనే బనాయా హై క్యా?" అంది. ఎవరైనా కట్టారా అని. కుజుడి నేల మీద తిరిగే బండి తీసిన ఫొటో అది. ఎర్రటి రాతిదిబ్బ, దాని పక్క భాగంలో నిటారుగా, నలుచదరంగా ఒక నల్లటి సందు. చూడగానే గుమ్మమనే అనిపించింది.

"ఎంతుంటుందే అది? మనిషి పట్టేంతా, చెయ్యి పట్టేంతా?" అన్నాను.

"పతా నహీ. సబ్ దర్వాజా బోల్ రహే హై. మైనే భీ గ్రూప్ మే వహీ లిఖ్ దియా."

"అందరూ అంటున్నారని నువ్వూ తలుపని రాసేశావు. కాదని తేలితేనో?"

"తో క్యా అత్తా, డిలీట్ కర్ దూంగీ."

చెరిపేస్తుందట, ఇంకేముంది! ఆ పిల్లని అని లాభం లేదు, ఇప్పుడు లోకమంతా చేసేది అదే. కానీ ఒక మాట అనేసి దాన్ని వెనక్కి తీసుకోవడానికి వాళ్ళ తాత ఏమేం పోగొట్టుకున్నాడో, ఆ తర్వాత వచ్చిన వానల్లో మా ప్రాణాలు ఎలా గాజుముక్క మీద వేలాడాయో దానికి ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో నవ్వుతున్నవాళ్ళలో సగం మందికి కూడా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం బర్మామైన్స్‌లో ఓ గుట్ట కింద ఉండేవాళ్ళం. గుట్టకి వీపు ఆనించినట్టు ఒకే వరసలో పెంకుటిళ్ళు, ముందు ఇరుకు రోడ్డు, రోడ్డు దాటితే రేషన్ దుకాణం, దాని వెనక రైలు పట్టాలు. లైనులో అందరూ టెక్కలి, పలాస, సోంపేట వైపు నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళే. ఇనుము కంపెనీ సైరను, మా మాటలో భోంపు, మోగితే లైనంతా లేచేది, మళ్ళీ మోగితే సగం మంది డ్యూటీకి పోయేవారు. మా అమ్మ బొగ్గుపొడీ మట్టీ కలిపి ఉండలు చేసి వెనక గోడ పొడుగునా ఆరబెట్టేది. పొద్దున్నే వాటితో పొయ్యిలు రాజేస్తే ఇంటింటి నుంచీ లేచిన పొగ గుట్టకి తగిలి మళ్ళీ మా మీదికే వచ్చేది. ఆ పొగలోనే చోడి అంబలి కాగే వాసన, మంచం కింద ఎండుచేపల బుట్ట వాసన, షిఫ్టు దిగి వచ్చిన మా నాన్న బట్టల్లోంచి ఇనుమూ గ్రీజూ కలిసిన వాసన. చిన్నాన్నది వేరే వాసన. ఆయన ఒక డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన యంత్రాల బొమ్మల మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో మళ్ళీ గీసి నకళ్ళు తీయించడం ఆయన పని. నకళ్ళు తీసే గదిలో అమ్మోనియా వాడతారు. ఆ ఘాటు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆయన చొక్కాలని వదిలేది కాదు. మా అమ్మ ముక్కు మూసుకుని ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది. నాకు మాత్రం ఆ చొక్కా చెంగు పట్టుకుంటే తప్ప నిద్ర వచ్చేది కాదు.

సాయంత్రం పూట ఊరవతల చిట్టెం పారబోసేవారు. ఇనుము కరిగించాక మిగిలే ఆ చిట్టెం నిప్పులా కారుతుంటే ఆకాశం ఎర్రబడేది. చల్లారింది చల్లారినట్టు ఏళ్ళ తరబడి పోగుపడి కొండలయ్యేవి. మా లైను పిల్లలకి తెలిసిన కొండలన్నీ అలా మనుషులు పోసినవే. నన్ను మొదటిసారి మా ఊరు తీసుకెళ్ళినప్పుడు రైలు కిటికీలోంచి కొండల వరస చూసి, "నాన్నా, ఇయ్యన్నీ ఏ కంపెనీ పోసింది?" అని అడిగాను. పెట్టె పెట్టంతా నవ్వింది. చిన్నాన్న ఒక్కడే నవ్వలేదు, మంచి ప్రశ్న అడిగావన్నాడు. ఎవరూ పోయకుండా దానంతట అది వచ్చిన గుట్ట మాకు తెలిసింది ఒక్కటే, మా ఇంటి వెనకది. దాని మీద అసిరితల్లి ఉండేది కాబట్టి ఆ సంగతిలో ఎవరికీ అనుమానం లేదు.

ఆ తల్లిని అక్కడ నిలబెట్టింది మా నాయనమ్మ. తాత వెంట ఈ ఊరొచ్చిన కొత్తలో అమ్మవారు కలలోకి వచ్చి, ఆ గుట్ట చూపించి, నాకు ఇక్కడ బాగుందే అందట. నాయనమ్మ మళ్ళీ ఊరికి పోయి, పొలిమేరలో రాయి ఒకటి చీరలో చుట్టుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మంగళవారం మంగళవారం తలకి పోసుకుని, పసుపునీళ్ళలో వేపాకులు వేసిన ముర్రాట చెంబు పట్టుకుని గుట్ట ఎక్కేది. ఆవిడ వెనకే మా లైనులో ఆడవాళ్ళంతా ఎక్కేవారు. ఏ ఇంట్లో పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా, ఏ మొగుడు తాగి కొట్టినా ముందు వచ్చేది నాయనమ్మ దగ్గరికే. ఆవిడ అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అంతా వినేది. విన్నాక ఒక్కటంటే ఒక్క మాట చెప్పేది. ఆ మాట దాటినవాళ్ళని నేను చూడలేదు.

ఆ రోజుల్లో అమెరికావాళ్ళ నౌక ఒకటి కుజుడి చుట్టూ తిరుగుతూ ఫొటోలు పంపుతుండేది. ఒకరోజు పేపర్లో వాటిలో ఒకటి వేశారు. ఎగుడుదిగుడు నేల మధ్య ఆకాశంలోకి చూస్తూ ఒక మొహం. కళ్ళు, నోరు, ముక్కుకి రంధ్రం, తలకి జుట్టు కూడా ఉన్నట్టే. చిన్నాన్న దాన్ని కత్తిరించి దేవుడి పటాల పక్కన అంటించాడు. "ఇది గాలికీ వానకీ అయ్యేది కాదు. ఎవులో సెక్కినారు. రెండు పక్కలా కొలత ఒక్కటే ఉన్నాది, సూడండి," అని స్కేలు పెట్టి చూపించాడు. సాయంత్రానికి లైనంతా మా గుమ్మం ముందు ఉంది. అందరూ వంతులవారీగా లోపలికి వచ్చి, గోడ మీది కాగితం చూసి, బుగ్గలు నొక్కుకుని వెళ్ళారు. నాయనమ్మ మాత్రం పొగ వదిలి, "కుజదోసం ఉన్నోడికి కుజుడి మీద మొగం అవుపడకేటి? ఆడపిల్ల మొగవైతే సెప్పు, మాటాడదాం," అంది. ఆయనకి నిజంగానే ఆ దోషం ఉందని సంబంధాలు తప్పిపోతుండేవి.

ఆ తర్వాత ఆయన రీడింగ్ రూముకి పోయి ఇంగ్లీషు పత్రికలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఓ పాత పత్రికలో కుజుడి మీదిదే ఇంకో ఫొటో దొరికింది. ఒకదాని పక్కన ఒకటి, తాడు పట్టి గీసినట్టు, గుండ్రటి ఉబ్బెత్తు దిబ్బల వరస. అది చూసి మా నాన్న కూడా, అంతదాకా తమ్ముడి మాట కొట్టిపారేసినవాడు, "అరే, ఇయి గేస్ హోల్డర్లు కావేట్రా!" అన్నాడు. మా ఊళ్ళో గ్యాసు నింపే ఆ పెద్ద గుండ్రటి టాంకులు రోజూ కళ్ళెదుట ఉండేవి. ఇంకేముంది, కుజుడి మీద కూడా ఒక కార్ఖానా ఉందని, అక్కడా షిఫ్టులున్నాయని, మనవాళ్ళెవరైనా పనికి పోవచ్చేమో కనుక్కోమని లైనులో ఒకటే వేళాకోళం. కానీ వేళాకోళం పైకే. లోపల అందరూ నమ్మారు. చిన్నాన్న వీధిలో నడుస్తుంటే ముసలివాళ్ళు కూడా పక్కకి జరిగి దారిచ్చేవారు. అగ్రికో పేటలో కంపెనీ క్వార్టరున్న ఒకాయన దోషం సంగతి పక్కనపెట్టి తన కూతురిని ఇస్తానని కబురు పంపాడు.

అప్పుడు ఆయన తనకి తానుగా వెళ్ళి ఆ పరువు మేడ కూలగొట్టుకున్నాడు. ఒక సాయంత్రం ఆ గేస్ హోల్డర్ల ఫొటో నేల మీద పెట్టి నన్ను పిలిచాడు. "బుల్లీ, ఏటి అవుపడతంది?" దిబ్బలన్నాను. కాగితం తలకిందులుగా తిప్పాడు. "ఇప్పుడో?" దిబ్బలన్నీ గుంటలైపోయాయి. నేను మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను, అటు తిప్పితే దిబ్బలు, ఇటు తిప్పితే గుంటలు. ట్రేసర్లు నీడలు వేసేటప్పుడు వెలుగు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి పడుతుందని అనుకుని వేస్తారట, అది వాళ్ళ చేతికి అలవాటైన సూత్రం. ఆ ఫొటోలో ఎండ కిందివైపు నుంచి పడిందట. డ్రాయింగ్ ఆఫీసు కళ్ళతో చూసి తను గోతుల వరసని టాంకులనుకున్నాడు. మొహం సంగతీ అంతే. వాలు ఎండలో ఓ కొండ మీద పడ్డ నీడలవి. ముక్కురంధ్రమైతే అసలు అక్కడ లేనే లేదు, అంత దూరం నుంచి వచ్చేటప్పుడు ఫొటోలో పోయిన చుక్క. ఇది కనుక్కున్నాక ఇంకొకరైతే ఊరుకునేవారు. ఎవరు అడిగారని? ఆయన మాత్రం ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, నేను చెప్పింది తప్పు, అది ఎవరూ కట్టింది కాదు, అని చెప్పి, కాగితం తిప్పి చూపించి, దణ్ణం పెట్టి వచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను. తప్పు చెప్పినప్పుడు దారిచ్చినవాళ్ళు, నిజం చెప్పిన రోజు మొహాన నవ్వారు. మార్స్ మొగం అన్న పేరు ఆ సాయంత్రమే పుట్టింది. అగ్రికో సంబంధం ఆయన కూడా, మాట మీద నిలకడ లేనివాడికి పిల్లనివ్వనని కబురు పంపాడు. నాకిప్పటికీ ఆ మాట తలుచుకుంటే మండిపోతుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోనులో అబద్ధాలు పంపేవాళ్ళెవరూ నేను తప్పు అని ఇంకో మెసేజ్ పెట్టరు. వాళ్ళకి పరువూ పోదు, పెళ్ళిళ్ళూ తప్పవు.

చిన్నాన్న కళ్ళు మాత్రం అప్పటి నుంచి మారిపోయాయి. ఏ ఎత్తు కనపడినా దీన్ని ఎవరు చేశారు అని చూసేవాడు. ఎండ ఎటుంది, వాలు ఎలా ఉంది, నీళ్ళు ఎక్కడ కోశాయి, కింద రాయి ఉందా లేదా. సెలవు రోజుల్లో నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పి, దేవుడిదా మనిషిదా చెప్పు అనేవాడు. నేను ఎక్కువగా తప్పే చెప్పేదాన్ని. అలా తిరిగి తిరిగి ఒకరోజు ఇంటికి వస్తూ, రైలు పట్టాల అవతల సైకిలు ఆపి, మా గుట్ట వైపు చాలాసేపు చూశాడు. ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా కదిపాడు. "అమ్మా, మన గుట్ట గుట్ట కాదే. ఎవులో పోసినారు. అన్ని పక్కలా వాలు ఒక్కలాగే ఉన్నాది, ఇసక కుప్పకి ఉన్నట్టు. పైన బళ్ళు తిరగడానికి సదును సేసినట్టున్నాది. పెద్ద సెట్టు ఒక్కటి లేదు, ఒక్క రాయి భూమిలోకి దిగి లేదు. కంపెనీ రాకముందు ఈడ ఇనుము పోతపోసే ఫౌండ్రీ ఏదో ఉండేదంట, మూతపడిపోయినాదంట. ఆలు పోసుంటారు."

నాయనమ్మ ముద్ద కలుపుతున్నదల్లా ఆగింది. "అసిరితల్లిని నాను సెత్తకుప్ప మీద కూకోబెట్టినానంటావేట్రా?"

"అది కాదమ్మా. కింద మనందరం మట్టి కోసేసినాం. వంటగది కోసమని అన్నయ్య కోసినాడు, పక్కింటోలు కోసినారు. పోసిన మట్టి పాదం కోస్తే నిలబడదు. పెద్ద వాన పడితే వచ్చి మీద పడతాది. ఈ వానలు పోయేదాకా ఎక్కడన్నా ఉందాం."

"ఛోడ్ రా," అన్నాడు నాన్న. "మొన్న మొగమున్నాదన్నావు, నిన్న లేదన్నావు. ఇవాళ గుట్ట లేదంటన్నావు. రేపు ఇదీ కాదని సెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతావా? నీతో పాటు నానూ తిరగాలా?"

చిన్నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. లైనులో ఇంకెవరితోనూ ఆయన ఈ మాట అనలేదు. అన్నా ఏమవుతుందో ఆయనకి తెలుసు. నాయనమ్మ కదిలితే తప్ప ఆ లైనులో ఒక్క ఇల్లు కదలదు, నాయనమ్మ కదలదు.

వానలు వచ్చాయి. ఆ ఏడాది వానలు విడుపు లేకుండా కురిశాయి. సువర్ణరేఖ ఒడ్డు దాటిందని, ఖర్కాయి నదీ దాటిందని కబుర్లు. మా వంటింటి వెనక గోడకి వెంట్రుకంత బీట పడింది. వాన గోడ, బీట పడక ఏం చేస్తుందన్నాడు నాన్న. చిన్నాన్న ఆఫీసు నుంచి గాజుముక్క ఒకటీ, కాగితంలో ప్లాస్టరూ తెచ్చాడు. కార్ఖానాలో పెద్ద షెడ్డు గోడలు బీటలిస్తే, ఆ బీటకి అడ్డంగా పల్చటి గాజు అతికిస్తారట. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు కాబట్టి పగులుతుంది. ఆయన గాజుకి రెండు కొసలా ప్లాస్టర్ మెత్తి బీట మీద అతికించాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో లేవగానే దేవుడి మొహం చూడడం మానేసి అందరం గాజు మొహం చూసేవాళ్ళం. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వార్చేటప్పుడు కూడా ఒక కన్ను దాని మీదే. గాజు మాత్రం చెక్కుచెదరలేదు. పక్కింటివాళ్ళు వచ్చి, మీ మార్స్ గాజు ఎలా ఉందని అడిగి వెళ్ళేవారు. నాన్న నవ్వు ఆపుకునేవాడు. చిన్నాన్న తిండి తగ్గిపోయింది.

ఒకరోజు తెల్లవారి లేచేసరికి గాజు రెండు ముక్కలై ఉంది.

"అమ్మా, లెగు. బయటికి నడు," అన్నాడు చిన్నాన్న. నాయనమ్మ వచ్చి చూసింది. గాజు వైపు కాదు, కొడుకు వైపు చూసింది.

"నువ్వే పగలగొట్టినావు."

"నానేటి?"

"ఇన్నాళ్ళు పగల్లేదు. ఎవులూ నీ మాట ఇనలేదని రేతిరి లేసి పగలగొట్టినావు. తల్లి మీద ఒట్టేసి కాదను."

ఇంతకాలం గ్రహాల మీది గుట్టలని ఎవరు చేశారా అని వెతికిన మనిషిని, వాళ్ళమ్మ ఆ గాజుముక్క దగ్గర నిలబెట్టి, ఇది దానంతట అదే పగిలిందా, నీ చెయ్యా, అని అడిగింది. ఆయన ఒట్టు వెయ్యలేదు. "రాయెట్టి కొడితే దెబ్బ పడ్డ కాడి నుంచి నాలుగేపులా గీతలు పోతాయమ్మా. ఇది సూడు, ఒకటే గీత, రెండు ముక్కల మధ్యన సందు. లాగితే పగిలింది," అన్నాడు. నాయనమ్మ ఆ గీత కేసి కళ్ళు చికిలించి చూసింది. మొహంలో నమ్మకం లేదు. కానీ ఆవిడ అన్యాయం చేసే మనిషి కాదు. "ఇంకోటి అతికించు. నాను దీని ముందల కూకుంటాను. నువ్వు ఇంట్లో ఉండకు. నాను సూస్తుండగా పగిల్తే తల్లి సెప్పినట్టే," అంది.

ఆయన అతికించాడు. ప్లాస్టర్ నేల మీద పడింది, మళ్ళీ కలిపాడు. నాన్న అప్పటికే పొద్దుటి షిఫ్టుకి పోయాడు. చిన్నాన్న గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. ఉంటే ఆయన చెయ్యే అంటారు. పోతే మమ్మల్ని ఆ గుట్ట కింద వదిలి పోవాలి. అమ్మ వైపు తిరిగి, "వదినా, పగిలిన ఎంటనే బుల్లిని ఎత్తుకుని పరిగెట్టు, ఇంకేటీ తియ్యకు," అని చెప్పి సైకిలెక్కాడు. అంత నిస్సహాయంగా వెళ్ళిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నాయనమ్మ పీట వేసుకుని గాజుకి ఎదురుగా కూర్చుంది. నన్నూ అమ్మనీ దగ్గరికి రానివ్వలేదు. చుట్ట కూడా ముట్టించలేదు. వాన పెంకుల మీద ఎంత గట్టిగా పడుతోందంటే మాట్లాడుకోవాలంటే అరవాలి. మధ్యాహ్నం భోంపు మోగింది. అమ్మ అన్నం పెట్టి పిలిచినా ఆవిడ తల తిప్పలేదు. నేను గడప మీద కూర్చుని ఆవిడ వీపు వంకే చూస్తున్నాను. అసలు పగలకూడదని మొక్కుకున్నాను, పగిలితే బాగుండునని కూడా మొక్కుకున్నాను, అసిరితల్లికే. వాన చప్పుడులో గాజు పగిలిన శబ్దం నాకు వినపడలేదు. నాయనమ్మ వీపు ఒక్కసారి బిగుసుకోవడం మాత్రం కనపడింది. ఆవిడ లేచి ఆ సందులో గోరు పెట్టి చూసింది. గోరు దిగింది. అలా చూస్తుండగానే ఇంకొంచెం దిగింది.

గోడకున్న ఇత్తడి పళ్ళెం, గరిటె తీసుకుని వానలోకి పోయింది. ఇల్లిల్లూ పళ్ళెం మోగిస్తూ, "లెగండి! గుట్ట కదుల్తంది! బిడ్డల్ని ఎత్తుకోండి, గిన్నెలొగ్గీయండి!" అని అరిచింది. చిన్నాన్న అరిచి ఉంటే తలుపులు తెరిచి నవ్వేవారు. అరిచింది నాయనమ్మ కాబట్టి అన్నాలు కంచాల్లో వదిలి లేచారు. అందరం రోడ్డు దాటి రేషన్ దుకాణం అరుగు మీదా చూరు కిందా నిలబడ్డాం. గుట్ట కదలలేదు. చాలాసేపు కదలలేదు. పిల్లలు చలికి ఏడుస్తున్నారు. ఎవరో కొడుకు మాట విని తల్లికీ పిచ్చెక్కిందన్నారు. ఒకామె మేక ఉండిపోయిందని, ఒకాయన ట్రంకుపెట్టె ఉండిపోయిందని రోడ్డు దాటబోయారు. నాయనమ్మ రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. తెల్లజుట్టు ముడి ఊడి మొహానికి అతుక్కుపోయింది. "నన్ను తోసి ఎల్లండి," అంది. ఎవరూ తోయలేదు.

అప్పుడు గుట్ట జారింది. పెద్ద చప్పుడు అవుతుందనుకున్నాను, అవలేదు. పెంకులు పటపటమన్నాయి, ఆ తర్వాత గోడలు మెల్లిగా వంగాయి, వాటి మీదుగా నల్లటి మట్టి వచ్చింది. మా వంటిల్లు కనపడకుండా పోయింది. అమ్మ పొయ్యి పక్కన పోగేసుకున్న బొగ్గు ఉండలు, నాయనమ్మ కూర్చున్న పీట, అన్నీ దాని కిందే. జనం ఏడవడం కూడా మర్చిపోయి నిలబడ్డారు. మనుషులెవరూ లోపల లేరు. ఆ ఒక్క మాట తలో నోటా అనుకుంటూ ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు.

అంతలోనే, ఆఫీసులో ఉండలేక చిన్నాన్న వచ్చాడు. మోకాటిలోతు నీళ్ళలో సైకిలు వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన రోడ్డుకి ఇటు చూడనే లేదు. సరాసరి మా ఇల్లు ఉన్నచోట మట్టిలోకి దిగిపోయి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. "అమ్మా! ఓలమ్మా!" అని ఆయన అరుపు. మేం పిలుస్తున్నా ఆ వానలో ఆయనకి వినపడలేదు. నాయనమ్మ వెళ్ళి వెనక నుంచి చొక్కా పట్టుకు లాగేదాకా తవ్వుతూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి ఆవిడని చూసి, బురదలోనే చతికిలబడిపోయాడు.

నాయనమ్మ తలెత్తి గుట్ట చూసింది. జారిన చోట లోపలంతా బయటపడింది. నల్లటి చిట్టెం ఒక పొర, కాలిన ఇటుకముక్కలు ఒక పొర, మళ్ళీ చిట్టెం. మధ్యలో వంకరపోయిన ఇనుపరేకు ఒకటి వేలాడుతోంది. నేను చిన్నదాన్నయినా నాకూ తెలిసిపోయింది. పైనుంచి జారిన అసిరితల్లి రాయి మా గుమ్మం ఉండాల్సిన చోట పక్కకి ఒరిగి ఉంది, పసుపు ఇంకా పోలేదు.

"ఒరే, సింహాచలం. ఇది మనిసి పోసిందేనా?" అంది.

ఆయన ఆ పొరల వైపు చూశాడు, వాళ్ళమ్మ మొహం వైపు చూశాడు. అది వినడానికే కదా ఇన్నాళ్ళూ తిండి మానేశాడు. "తెల్దమ్మా," అన్నాడు. "వానకి ఇలాగ అవుపడతందేమో. నాను తప్పు సెప్పుంటాను." తను నమ్మని మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

"నా కాడ అబద్దమాడకు. నాకు కళ్ళున్నాయి," అంది నాయనమ్మ. "మనిసి పోసిందే. దీని మీద తల్లిని కూకోబెట్టింది మాత్రం ఎవులు? నానే కదరా. నానూ మనిసినే కదా." ఆయన చేతులు తన ఒళ్ళోకి లాక్కుంది. ఇటుకముక్కలకి గోళ్ళు లేచిపోయి నెత్తురు కారుతోంది. తడిసిన కొంగు పళ్ళతో చింపి, ఒక్కో వేలికీ కట్టు కడుతూ, అప్పుడు ఏడ్చింది.